షాద్‌నగర్‌లో ఎక్కని బస్సు

చిక్కడపల్లి సందుల్లో ఇంటింటికీ సామాన్లు చేరవేసే బాలప్పకు, కరెంటు బండి కొన్నప్పటినుంచి కాళ్లు భూమ్మీద ఆనడం లేదు. బంకులో పెట్రోలు పోయించుకునేవాళ్లను చూసి జాలిపడేవాడు. అంతటి బండిని జడ్చర్ల అవతల ఊళ్లో ఉన్న తల్లి నర్సింహమ్మకు చూపించకపోతే ఎట్లా? ఆదివారం పొద్దున చెల్లెలు మహేశ్వరికి నారాయణగూడలో సర్కారు ఉద్యోగం పరీక్ష. అశోక్ నగర్ హాస్టల్లో నాలుగేళ్లు నీళ్లచారు తిని చదివింది. "శనివారం పోయి అమ్మ కాళ్లు మొక్కి, తెల్లారంగనే వచ్చేద్దం" అని ఆమెను ఎక్కించుకుని పోయాడు.

ఇంటికి పోగానే బండిని వసారాలో చార్జింగుకు పెట్టాడు. సాయంత్రం ఉరిమింది. ఉరిమితే టీవీ, ఫ్రిజ్జు, ఫోను, అన్నిటి వైర్లూ పీకేయడం ఆ ఊళ్లో అలవాటు. నర్సింహమ్మ అన్నిటికంటే ముందు కొడుకు బండి వైరే పీకింది. ప్రయాణం బడలికతో అన్నాచెల్లెళ్లు అప్పటికే నిద్రపోయారు.

"కొత్త బండి, కాలిపోతదని పీకిన బిడ్డా" అంది తెల్లవారి, మంచిపని చేసిన ముఖంతో. ఆ తల్లిని ఏమనగలడు? చార్జింగు అరవై శాతం దగ్గరే ఆగి ఉంది.

షాద్‌నగర్‌లో చార్జింగు పెట్టుకోవచ్చని ఫోను చెప్పింది. తీరా పోతే అక్కడి పెట్టెకు తాళం. తాళంచెవి ఉన్నవాడి కోసం గంటసేపు చూశారు. వాడు రాలేదుగానీ హైదరాబాద్ బస్సు వచ్చి ఆగింది.

"అన్నా, నేను బస్సుల పోత."

"ఏందే, నా బండి మీద నమ్మకం లేదా? మెల్లగ పోతే ఆరాంగ చేరుతది. కూసో."

మహేశ్వరి బస్సు వంక ఒకసారి చూసింది. అన్న నొచ్చుకుంటాడని మళ్లీ వెనక కూర్చుంది.

సిటీ మొదట్లో, ఆరాంఘర్ దగ్గర, చార్జింగు అయిపోయి బండి ఆగిపోయింది. ఆటో దొరికి నారాయణగూడ చేరేసరికి గేటు మూసి మూడు నిమిషాలైంది. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వబోమని హాల్‌టికెట్ మీదే రాసి ఉంది. బాలప్ప గేటు దగ్గరి పోలీసు కాళ్ల మీద పడ్డాడు. "నా చేతుల ఏం లేదన్నా" అన్నాడతను, ముఖం తిప్పుకుని. గొప్పలకు పోయి చెల్లెలి నోట్లో మట్టి కొట్టాడు. ఆమె ఏడ్చి నాలుగు తిడితే బాగుండుననిపించింది బాలప్పకు. ఆమె హాల్‌టికెట్ మడిచి సంచిలో పెట్టుకుంది.

ఎక్కడికి పోవాలో తోచక ఇద్దరూ ఎదురుగా టీకొట్టు ముందు కూలబడ్డారు. పరీక్ష అయిపోయే వేళకు తల్లి ఫోన్ చేసింది.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"మంచిగనే రాసిన అమ్మా."

"నా బంగారమే! ఇగ పత్తి చేన్లకు కూలికి రానని చెప్పనా? మోకాళ్లు వంగుతలేవు."

మహేశ్వరి అన్న వైపు చూడకుండా ఫోను రెండో చెవికి మార్చుకుంది. బాలప్ప తల ఎత్తలేదు.

"ఇంకొన్ని దినాలు పో అమ్మా."