మెడకు చుట్టుకున్న మెడల్స్

మేడ మీద మేడమ్ “మెడల్స్! మెడల్స్!” అని పెట్టిన కేక వంటింట్లోకి దిగేసరికి “మెడలు” అయి కూర్చుంది. మునిలక్ష్మి బామ్ డబ్బా పట్టుకుని మెట్లెక్కి పరుగెత్తింది.

“మెడ పట్టిందా మామా? అట్ల తిరుగు, రుద్దతా.”

పనివాళ్లు ‘మామా’ అని పిలిచే ఆ మేడమ్ పేరు గ్వెన్. ఊరు వేల్స్. గల్ఫ్‌లోని మిష్రిఫ్ పేటలో పిల్లలకు పాఠాలు చెబుతుంది. కడప మునిలక్ష్మి ఆమె ఇంట్లో పనిమనిషి. ఆవిడది వేల్స్ ఇంగ్లీషు, ఈవిడది వేళ్ల ఇంగ్లీషు. అందుకే ఇద్దరికీ మధ్య డ్రైవరు జిలానీ బాషా కావాలి. రాయచోటి మనిషి, దుబాయి చూడని దుబాసీ.

గ్వెన్ ఖాళీ అట్టపెట్టె చూపించి ఏడుస్తుంటే బాషా వచ్చి విషయం విప్పాడు.

“మెడలు గాదక్కా, మెడల్స్! వాళ్ల నాయనకు యుద్ధంలో ఇచ్చిన బిళ్లలు. పోయిన సిపాయిలకు దండం పెట్టే సభ రేపుంది.”

“అయ్యో, అవా! చింతపండేసి తోమినా అన్నా.”

పెద్దాయన ఫోటోకు గ్వెన్ పువ్వు పెట్టడం చూసి, తద్దినం కాబోలనుకుంది మునిలక్ష్మి. రిబ్బన్లు విప్పి ఉతికింది. బిళ్లలు తోమి, బొట్లు పెట్టి, తన దేవుడి పటం ముందుంచింది. చింతపండుతో మెడల్స్‌కు నలుపు వదిలింది, మునిలక్ష్మికి చింత పట్టుకుంది.

“పాతవి తోమకూడదంట. ఖలాస్, నీకింక ఇంటికి టికెట్టే!” అన్నాడు బాషా.

మునిలక్ష్మి మెడల్స్‌ను పళ్లెంలో పెట్టి తెచ్చింది. “పని పోతే పోనీ. ఆయమ్మ నాయన గుర్తు చెడగొట్టినానా? అది అడుగన్నా.”

గ్వెన్ మెల్లగా చెప్పింది. బాషా ఎగతాళి మాని తెలుగులో పెట్టాడు. నాయన ఎమ్రిస్ బొగ్గుగని కుర్రాడు. వేల్స్ రెజిమెంటులో చేరి బర్మా వెళ్లాడు. గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ మీద మోశాడు. తిరిగొచ్చి మళ్లీ గనిలోకే దిగాడు. పోస్టులో మెడల్స్ వస్తే మేజోళ్ల కింద తోసేశాడు. మోయలేక వదిలొచ్చినవాళ్లకు లేని బిళ్లలు తనకెందుకన్నాడు. ఒక్కనాడూ పెట్టుకోలేదు.

“మామాగ్గూడా మనసొప్పడం లేదంట, పెట్టుకునేదానికి.”

“పెట్టుకోమను,” అంది మునిలక్ష్మి. “పెద్దాయనకు పెట్టేటప్పుడు, ఎవురూ లేనోళ్లకు గూడా ఒక ముద్ద తీసిపెడతాం గదా. ఇదీ అంతే. వదిలొచ్చినోళ్లకు గూడా చెందుతాది.”

బాషా ఆ ముక్క అప్పజెప్పాక గ్వెన్ లేచి లోపలికి వెళ్లింది. సూదీదారం తెచ్చి మునిలక్ష్మి పక్కన కూర్చుంది. రిబ్బన్లు ఇద్దరూ కలిసి కుట్టారు. మునిలక్ష్మి బొట్లు తుడవబోతే గ్వెన్ చెయ్యి పట్టుకుని ఆపింది.

మరునాడు ముగ్గురూ వెళ్లిన సభలో, పెట్టుకున్నది సిపాయి కాదు, కూతురు కనుక మెడల్స్ ఛాతీకి ఎడమవైపు కాక కుడివైపుకు చేరాయి. చుట్టూ మూగినవాళ్లు ఎర్రటి చుక్కలు చూసి గతుక్కుమన్నారు. రక్తమా అని ఒకాయన అడిగేశాడు. గ్వెన్ మునిలక్ష్మిని ముందుకు లాగింది. బాషా గొంతు సవరించుకున్నాడు.

“రక్తం గాదు సార్, కుంకుమ. మా అక్క పెద్దాయనకు తద్దినమనుకునింది,” అని ఇంగ్లీషులో అందరికీ వినబడేటట్టు చెప్పి, మునిలక్ష్మి వైపు తిరిగి తెలుగులో అన్నాడు: “అనుకునేదేముందిలే అక్కా, తద్దినమే గదా.”