పెట్రోస్యాన్ ఎవరి బిడ్డ?

మా నాన్న వాజా, విందులో కొమ్ము పట్టుకుని లేచాడంటే ఇక దేవుడే దిక్కు. ఎద్దుకొమ్ము నిండా ద్రాక్షసారా. ఆయన ఎవరి పేరు చెబితే వాళ్ళ పేరున బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తాగాలి. కొమ్ముకి అడుగుండదు కనుక ఖాళీ అయ్యేదాకా కింద పెట్టే వీలు లేదు.

అది డెబ్భై ఎనిమిదో సంవత్సరం. నా పెళ్ళి ఖాయం చేసుకోవడానికి అర్మేనియాలోని ఎరెవాన్ నుంచి వియ్యాలవారు సరిహద్దుకి ఇవతల మా తిబిలిసి ఇంటికి వచ్చారు. కాబోయే మామగారు సెద్రాక్, ఆయన కొడుకు వారుజాన్. చేసుకుంటే వారుజాన్‌నే చేసుకుంటానని ఆరు నెలలు పోరితే గానీ నాన్న ఈ విందుకి ఒప్పుకోలేదు.

మూడు కొమ్ములయ్యేసరికి మాట చదరంగం మీదికి మళ్ళింది. ఇప్పటిదాకా పుట్టినవాళ్ళలో ఎవరు గొప్ప?

"ఫిషర్ అని మాత్రం అనకండి బావగారూ, తిన్నది అరగదు నాకు," అన్నాడు మామగారు.

"ఛ, మధ్యలో ఆట మానేసి ఇంట్లో కూర్చున్నవాడి ఊసెందుకు!" అన్నాడు నాన్న.

"పోనీ, తాల్?"

"బానే ఆడతాడు. కానీ రోజూ బాణసంచా కాలిస్తే ఇల్లేం మిగుల్తుందండీ?"

"మగాళ్ళని కూడా ఓడించే మన నోనా ఉండగా ఈ మగాళ్ళ గోలేంట్రా!" అంది నానమ్మ రొట్టె తుంచుకుంటూ. ఆవిణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు సరైన మాట అన్నది ఆవిడ ఒక్కతే అని నా అనుమానం.

వియ్యంకుణ్ణి మంచి చేసుకోవాలని నాన్న వారం రోజులుగా అద్దం ముందు సాధన చేసిన మాట అప్పుడు వదిలాడు.

"అందరికంటే గొప్పవాడు పెట్రోస్యాన్!"

మామగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయనా కొమ్ముతో లేచి నాన్నని కావలించుకోబోయాడు. అక్కడితో ఆగితే మా నాన్న ఎందుకవుతాడు? "మా తిబిలిసి బిడ్డ!" అని తోక తగిలించాడు.

"మీ బిడ్డేంటండీ? వాడు అర్మేనియావాడు. ఇంటిపేరు వింటే తెలీట్లా?"

"ఇంటిపేరు మీదే. పుట్టిందీ, ఈ నీళ్ళు తాగిందీ ఇక్కడ."

"ఈ నీళ్ళు తాగినోళ్ళంతా మీవాళ్ళేనా? మరి నదిలో చేపల సంగతేంటి?"

"చేపలు వాడిలా ఏనుగునిచ్చి గుర్రాన్ని పుచ్చుకుని ఆట గెలవవు బావగారూ!"

గొప్పవాడెవరో ఇద్దరిదీ ఒకే మాట. అయినా కొట్టుకు చస్తున్నారు. అవతలివాడి మాటకి తాగితే ఓడినట్టు, కింద పెడితే మర్యాద పోయినట్టు. ఎత్తిన కొమ్ముల్లోంచి సారా చొక్కాల్లోకి కారుతోంది. వారుజాన్ దిక్కులు చూస్తున్నాడు.

"ఎక్కడ పుడితేనేమండీ? ఏ ఇంటికి చెందితే ఆ ఇంటివాళ్ళే," అన్నాడు మామగారు. "మీ అమ్మాయినే చూడండి. రేపు మా ఇంటికొచ్చాక మా పిల్లే కదా!"

నాన్న నా వైపు తిరిగాడు. ఇంతసేపూ ఆయన పోట్లాడుతున్నది ఎవరి కోసమో అప్పటికి గానీ నాకు తెలియలేదు.

"అలాగైతే పిల్లనివ్వను," అన్నాడు నాన్న, చిన్నపిల్లాడిలా.

వారుజాన్ మొహం పాలిపోయింది. నాకు ఒళ్ళు మండి లేచి నిలబడ్డాను.

"మావయ్యగారూ, నేను ఎవరి పిల్లని? ముందు అది చెప్పండి. చెప్పి తాగండి."

మామగారు నా వైపు చూడలేదు. నాన్న మొహంలోకి చూశాడు. మామగారికీ ఇద్దరు కూతుళ్ళు.

"పుట్టింది మీ ఇంట్లో. పెరిగింది మీ చేతుల్లో. ఎప్పటికీ మీ పిల్లే బావగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "మేం అడిగి తీసుకెళ్తున్నాం, అంతే."

అని కొమ్మెత్తి గడగడా తాగేశాడు. నాన్నా తాగాడు, సగం సారా, సగం కన్నీళ్ళు. చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుని, నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"జాగ్రత్త బావగారూ. ఇది వేసిన ఎత్తు వెనక్కి తీసుకోదు."

"తెలుసులెండి," అన్నాడు మామగారు కొడుకు వైపు చూస్తూ. "మావాడికి ఆట కట్టి ఏడాదైంది."