పుట్టింటి పేరున్న మిషను

నేను ఒక కుట్టు మిషన్ను. రవికలు, లంగాలు కుట్టే సుకుమారిననుకునేరు! నేను కుట్టేది బూట్లు. మందపాటి కాన్వాసు, దాని కింద స్పాంజి, ఆ కింద రబ్బరు అంచు, అన్నింటినీ ఒక్క పోటుతో గుచ్చి అవతలికి తేలే సూది నాది. గొప్పలు చెప్పుకుంటోందని మీకనిపిస్తే అనిపించనివ్వండి. చేతనైనవాళ్ళు చెప్పుకోకపోతే చేతకానివాళ్ళు చెప్పుకుంటారు.

పుట్టింది జపానులో. మెట్టింది చైనాలో, సముద్రం పక్కన జిన్‌జియాంగ్ అనే ఊళ్ళో. అక్కడ ఏ సందులోకి వెళ్ళినా జిగురు వాసన, ఏ గుమ్మంలోకి తొంగిచూసినా బూట్ల అట్టపెట్టెలు. పెద్ద త్సాయ్ అనే ఆయన నన్ను పాత మిషన్ల వ్యాపారి దగ్గర కొని, తోపుడు బండికి తాళ్ళతో కట్టి తన షెడ్డుకి తెచ్చుకున్నాడు. నా నుదుటి మీద పోతపోసిన జపాను అక్షరాలున్నాయి. అదేం రాత అని ఒక్కరూ అడగలేదు. కుడుతుందా, కుట్టదా, అంతవరకే. ఆ రోజుల్లో మనుషులకి అంతకుమించి తీరిక ఉండేది కాదు.

నా ముందు కూర్చున్న పిల్ల పేరు సూయింగ్. ఎక్కడో కొండల్లోని పల్లె నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చింది. మొదటిరోజే వేలిలో సూది దింపుకుంది. ఏడవలేదు. వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో నా తల నిమిరి, "నామీద కోపమొచ్చిందా?" అంది. అప్పటినుంచీ మాకిద్దరికీ జత కుదిరింది. పొద్దున్నే నాకో చుక్క నూనె, ఆ తర్వాతే తనకి టీ. ఆమెకి కొడుకు పుట్టాడు, మనవరాలు పుట్టింది. పెద్ద త్సాయ్ పోయాడు, ఆయన కొడుకు చిన్న త్సాయ్ పెత్తనానికొచ్చాడు. షెడ్డులో కంప్యూటరు మిషన్లు దిగాయి. దిగితే దిగాయి, మడమ దగ్గర మలుపు తిప్పాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి!

చిన్న త్సాయ్‌కి బేరాలు పడిపోయాయి. సూయింగ్ పిన్నిని ఫోను ముందు కూర్చోబెట్టి, లైవ్‌లో బూట్లు అమ్మించసాగాడు. చూసేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. వాళ్ళలోనూ సగం ఆమె చుట్టాలే.

ఇంతలో ఏదో విదేశీ బూట్ల కంపెనీ చైనా గురించి కానిమాట ఒకటి అందట. ఫోన్లు భగ్గుమన్నాయి. జనం కాళ్ళకున్న బూట్లు విప్పి తగలబెట్టి, ఆ వీడియోలు పెట్టారు. తగలబెట్టాక కాళ్ళకి ఏదో ఒకటి కావాలి కదా! స్వదేశీ బూట్లు వెతుక్కుంటూ మా లైవ్‌లోకి తీర్థప్రజలా వచ్చిపడ్డారు. చిన్న త్సాయ్ ఆ ఊపులో "సూది నుంచి పెట్టె దాకా స్వదేశీ" అని ఎర్ర బ్యానరు కట్టించాడు. కొనేవాళ్ళ ప్రేమ ఏమని చెప్పను? "సైజు సరిపోకపోతే తప్పు బూటుది కాదు, నా పాదానిది" అని రాశారు. "కుట్టు వంకరగా ఉన్నా పంపించు పిన్నీ, దేశం కోసం వంకరగా నడుస్తాం" అన్నాడొకడు. వంకర కుట్టా? నాదా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఒక మధ్యాహ్నం ఎవరో అడిగారు, మన స్వదేశీ షెడ్డు ఒకసారి చూపించమని. సూయింగ్ ముచ్చటపడి ఫోను తిప్పింది. ముందుగా ఎవరిని చూపిస్తుంది? నన్నే. "ఇదిగో, నా పాత నేస్తం" అంటూ దగ్గరగా పెట్టింది. నా నుదురు తెర నిండా పడింది.

అంతే! జపాను మిషనన్నారు, మోసమన్నారు. నిన్నటిదాకా తమ పాదాలనే తప్పుబట్టుకున్నవాళ్ళు ఆమెని దేశద్రోహి అన్నారు. ఆర్డర్లు రద్దవుతూ పోయాయి. చివరికి ఒక తీర్పు చెప్పారు. రేపు లైవ్‌లో ఆ మిషన్ని పగలగొట్టాలి, తాము కళ్ళారా చూడాలి, అప్పుడే కొంటారట.

చిన్న త్సాయ్ సుత్తి పట్టుకొచ్చాడు.

"పిన్నీ, నువ్వే కొట్టాలి. నీ చేత్తో అయితేనే నమ్ముతారు."

"ఇది మీ నాన్న కొన్నదిరా."

"నాకు తెలీదా? షెడ్డులో అందరి కూడూ ఇప్పుడు దీనిమీదే ఉంది. పాత ఇనుమే కదా పిన్నీ, ఒక్క దెబ్బ!"

నాకు భయం వేసింది. ఇనుముకి భయమేమిటంటారేమో. సుత్తి కూడా ఇనుమే, దాని సంగతి నాకు బాగా తెలుసు.

మర్నాడు లైవ్‌కి ముందెన్నడూ రానంత జనం వచ్చారు. సూయింగ్ ఎప్పటిలాగే జాకెట్టుకి చిన్న జెండా గుచ్చుకుని వచ్చింది. సుత్తి చేతిలోకి తీసుకుంది. తెర మీద "కొట్టు, కొట్టు" అని వరసగా పడుతోంది. ఆమె సుత్తిని పక్కన పెట్టి, నా ముందు కూర్చుని, ఒక మడమ తిప్పి కుట్టింది. నా జన్మలో అంత చక్కని కుట్టు వేయలేదు. దాన్ని ఫోనుకి చూపించి అంది:

"బ్యానరు మీద అబద్ధం రాశాం. తిట్టండి, పడతాను. దీన్ని మాత్రం కొట్టను. ఇది అక్కడ పుట్టింది, నిజమే. నేనూ ఈ ఊళ్ళో పుట్టలేదు, కోడలిగా వచ్చాను. పుట్టింటి పేరు నుదుటిమీద ఉందని ఎవరన్నా కోడలి తల పగలగొడతారా? మన పిల్లల కాళ్ళకి ఇన్నేళ్ళు బూట్లు కుట్టింది. నా దేశమంటే నాకు ప్రాణం. అందుకే చెబుతున్నాను. ఇంత పెద్ద దేశం ఒక పాత మిషన్ని చూసి ఉడుక్కుంటే నాకు సిగ్గేస్తోంది."

తెర మీద ఆ "కొట్టు"ల మధ్యలోనే ఎవరో రాశారు: "మా అమ్మ దగ్గరా ఇలాంటిదే ఉండేది. దానిమీద కుట్టే నన్ను చదివించింది." ఇంకొకరు మా అమ్మ దగ్గరా అన్నారు. మరొకరు మా నాయనమ్మ దగ్గరా అన్నారు. ఆ పూటంతా అమ్మల మిషన్లే. నాకు ఇంతమంది అక్కచెల్లెళ్ళున్నారని అప్పుడే తెలిసింది. తిట్టేవాళ్ళు తిడుతూనే పోయారు. పోయిన ఆర్డర్లన్నీ తిరిగి రాలేదు. షెడ్డు మూతపడకుండా ఉండేటన్ని వచ్చాయి.

ఇప్పుడు నేను షెడ్డు ముందుగదిలో, వచ్చినవాళ్ళు చూడ్డానికని పెట్టిన గాజు బీరువాలో ఉన్నాను. తానే నన్ను కాపాడానని చిన్న త్సాయ్ వచ్చినవాళ్ళకి చెబుతుంటాడు. చెబుతూనే, పెద్దమనుషులు వస్తున్నారంటే నా నుదుటిమీది అక్షరాలు కనపడకుండా ఎర్ర కాగితం అంటిస్తాడు. ఎవరి భయం వాళ్ళది. నిన్న సాయంత్రమూ అంటించాడు.

పొద్దున సూయింగ్ వచ్చి, బీరువా తలుపు తీసి, ఆ కాగితాన్ని గోటితో గీకి తీసేసింది. తర్వాత నూనె డబ్బా అందుకుంది. తన టీ ఇంకా తాగలేదు.