వెనక్కి పోయే టైం

పలకల దుకాణం షావుకారు ఉమామహేశ్వర్లు ఫోను చేసి, "వచ్చి నీ కూతుర్ని తీసకపో" అని పెట్టేశాడు. పెద్దారవీడు నుంచి ఆటోలో మార్కాపురం చేరేలోపు నాగేంద్రమ్మ మనసులో కూతురికి రాని రోగం లేదు, జరగని ప్రమాదం లేదు.

ఆ దుకాణంలో బిల్లులు కొట్టే చెంచులక్ష్మి కంప్యూటరు పక్కన నిలబడి ఉంది. ఒళ్లు బాగానే ఉంది, కళ్లే వాచిపోయాయి.

"చూడు నీ కూతురి నిర్వాకం!" షావుకారు విరుచుకుపడ్డాడు. "కంప్యూటర్లో తేదీ వెనక్కి తిప్పుతాంది. బిల్లు మీద ఎప్పటిదో తేదీ పడి, మా లారీని తనిఖీ వాళ్లు దారిలో ఆపేసినారు. దొంగబిల్లులు కొట్టకపోతే తేదీతో దీనికేం పని? స్టేషన్లో చెప్తే వాళ్లే కక్కిస్తారు."

స్టేషన్ అనేసరికి నాగేంద్రమ్మ వచ్చి కూతురికి అడ్డంగా నిలబడింది.

"నేను తిప్పలేదమ్మా. పొద్దున నెట్టు పెట్టి టైం సరిచేస్తా. సాయంత్రం ఈయన మెయిను ఆపంగానే మళ్లీ వెనక్కి పోతాది. ఆ బిల్లు కొట్టిన పొద్దున నెట్టు రాలేదు."

"ఈయనంట! నోరు చూడు దీనిది!"

అప్పుడే రిపేర్ల దేవరాజు వచ్చి పెట్టె విప్పాడు. "కరెంటు లేనప్పుడు టైం నడిపేది ఈ బిళ్ల సెల్లే అన్నా. అయిపోయింది. నువ్విచ్చింది మొన్ననే గదా పెట్టినా?"

"అయితే ఇది పెట్టు." షావుకారు కిటికీలో ఉన్న పలకముక్క మీంచి ఇంకో సెల్లు తీసిచ్చాడు.

దేవరాజు చెయ్యి విదిలించాడు. "ఏందన్నా, కాలతాంది!"

నాగేంద్రమ్మ కిటికీలోకి చూసింది. పలక మీద రెండు టార్చిలైటు సెల్లులు కూడా ఎండకు మాడుతున్నాయి. ఇంట్లో తనూ చేసే పనే అది.

"అయిపోయిన సెల్లు ఎండబెట్టి ఇస్తాండావా అన్నా?" అని అడిగింది.

"ఏం, ఛార్జి ఎక్కదా?"

"నా టార్చిలైటుకే సరిగా ఎక్కదు. లారీల బిల్లులు కొట్టే కంప్యూటరుకు ఎక్కుతాదా?"

దేవరాజు నవ్వాపుకుంటూ తన సంచిలోంచి ఓ సెల్లు తీసి పెట్టాడు. నాగేంద్రమ్మ పట్టుబట్టి మెయిను ఆపించి, మళ్లీ వేయించింది. టైం వెనక్కి పోకుండా సరిగ్గా ఉంది.

"ఇయ్యాల నిలిచింది. రేపు నీ కూతురు తిప్పదని ఏంది నమ్మకం?"

"నా కూతురు రేపు పనికే రాదు. ఇంకెప్పుడూ రాదు. దాన్ని దొంగ అన్న నోటితోనే ఆ లారీ వాళ్లకు చెప్పు, తప్పు సెల్లుదని. మేం వినంగా చెప్పు."

షావుకారు పళ్లు నూరుతూ ఫోను తీశాడు. రెండు ముక్కల్లో చెప్పి, తలుపు వైపు చెయ్యి చూపించాడు.

మెట్లు దిగాక నాగేంద్రమ్మ దేవరాజు చొక్కా పట్టుకుని ఆపింది.

"నాయనా, నువ్వు పెట్టింది కొత్తదే గదా?"