చీటీ లేని రోజు

ఇటుక పేర్చి, తాపీ పిడితో రెండుసార్లు తట్టి, ఎలీహియో అలవాటుగా టోపీ అంచులోకి వేలు పోనిచ్చాడు. చీటీ అక్కడే ఉంది. కానీ నిన్నటితో దాని గడువు తీరిపోయింది.

మెక్సికోలోని ఈ చోలూలాలో తాగుడు మానాలనుకున్నవాడు చర్చికి పోయి గ్వాదలూపే మేరీమాత ముందు ఒట్టు వేస్తాడు. ఇన్ని నెలలని తేదీ వేసి పాదిరీ చీటీ రాసిస్తాడు. ఎలీహియోకి ఇది ఏడోది. చీటీ ఉన్నన్నాళ్ళూ చుక్క ముట్టడు, మహానుభావుడు! గడువు తీరిన సాయంత్రమే ఆరుసార్లూ కల్లు దుకాణంలో తేలాడు. ఆరోసారి భార్య తోమాసా అతన్ని గడప తొక్కనివ్వలేదు.

"చీటీ ఉన్నప్పుడు మాతకి భయపడి మానతావు. చీటీ లేకుండా ఒక్కరోజు ఉండి రా. తలుపు తీస్తా," అంది.

ఏడాదిగా అద్దెగదిలో ఒక్కడే. ఒకే కంచం, ఒకే గ్లాసు. ఏమైనా మాట్లాడాలనిపిస్తే గోడతోనే.

ఆ ఒక్కరోజు ఇవాళ. సరిగ్గా ఇవాళే పడాలా! మే మూడు, సిలువ పండగ. తాపీవాళ్ళకి ఇంతకంటే పెద్ద పండగ లేదు. కాగితప్పూలు చుట్టిన సిలువను కొత్త గోడ మీద నిలబెట్టారు. గొయ్యిలో ఉడికిన గొర్రెమాంసం వచ్చింది, బిందెడు పుల్కే కల్లూ వచ్చింది.

"పట్టు బావా!" మేస్త్రీ ఫౌస్తో ముంత ముందుకు చాచాడు. "నిన్నటితో ఒట్టు తీరిపోయిందిగా. ఇంకెవరికి భయం?"

"ఎవరికీ కాదు. వద్దులే."

"పుట్టుకతో వచ్చింది పుడకలతో గాని పోదు. ఎన్నాళ్ళు చూశాం నిన్ను!"

అందరూ ఘొల్లుమన్నారు. ఎలీహియో కూడా నవ్వాడు. నాలుక లాగినప్పుడల్లా ఏం చేయాలో ఈ ఏడాదిలో నేర్చుకున్నాడు. దారానికి కట్టిన తూకపుగుండు గోడ వారగా వదిలి, అది ఊగడం ఆగేదాకా చూశాడు. మధ్యాహ్నంలోగా పదిసార్లు వదిలాడు. ఎడమ భుజం పీకింది, ఛాతీ బిగుసుకుంది. కల్లు కోసం ఒళ్ళు మారాం చేస్తోందనుకుని పళ్ళు బిగబట్టాడు.

పొగలు కక్కే కొండ వెనక్కి పొద్దు దిగాక, సబ్బుతో మెడదాకా తోముకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని తోమాసా ఇంటికి నడిచాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. తలుపుకి తాళం ఉంది. టోపీ తీసి పక్కన పెట్టి, గడప మీద కూర్చుని, తల తలుపుకి ఆనించాడు. హమ్మయ్య, గడిచిపోయింది రోజు.

తోమాసా పిండిమర నుంచి బకెట్టు మోసుకుంటూ వచ్చింది.

"పండగపూట తాగి నా గుమ్మంలోనే పడాలా? లే! సిగ్గులేదూ!"

అతను కదల్లేదు. వాసన పట్టేందుకు మొహం దగ్గరికి వంగింది. సున్నం వాసన, సబ్బు వాసన. అంతే. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

"ఎలీహియో... ఓయ్..."

టోపీలోంచి చీటీ తీసి, వీధిదీపం వెలుగులో తేదీ కూడబలుక్కుని చదివింది. మళ్ళీ చదివింది. చీటీని ఎక్కణ్ణుంచి తీసిందో అక్కడే పెట్టి, ఏడుస్తూ తాళం తీసి, తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

ఇరుగుపొరుగు వచ్చి అతన్ని లోపలికి మోసుకెళ్ళారు. గడప మీద టోపీ ఒక్కటే మిగిలింది, అంచులో నిన్నటి తేదీ ఉన్న చీటీతో.