తిప్పని కాగితం

"ఆదివారం గ్రంథాలయంలో నాన్నగారి సన్మాన సభ బాబాయ్, మీరు మాట్లాడాలి" అని నా మిత్రుడి కూతురు ఫోన్ చేసింది. అలాగని నేను విన్నాను. నా ఎడమ చెవి వినికిడికి ఎడమై చాలా కాలమైంది.

"ఎప్పుడో జరగాల్సింది తల్లీ! ఇన్నాళ్లు ఆలస్యం చేశారు" అన్నాను. అవతల ఫోన్ పెట్టేసింది.

వాడూ నేనూ కథలు రాసేవాళ్లం. నావి నవ్విస్తాయి, వాడివి నిలుస్తాయి. ముప్పై ఏళ్లలో మేం కలిసింది నాలుగుసార్లే. మా కలాలు కలిసింది మాత్రం నెలనెలా. అచ్చుకు పంపే కాగితం ఒకవైపే రాయాలని మా మొదటి సంపాదకుడు తిట్టి మరీ నేర్పాడు. ఆ అలవాటు ఉత్తరాలకూ అంటుకుంది. ఇద్దరిలో ఎవరమూ ఏనాడూ కాగితం వెనక్కి తిప్పి రాయలేదు.

పోయిన నెల వాడి దగ్గర్నుంచి ఒక్క కాగితమే వచ్చింది. "నీ కొత్త కథలో మూడో పేజీ కొట్టెయ్. అక్కడ నవ్వుతున్నది నువ్వు, పాఠకుడు కాదు." కింద సంతకం లేదు. "ఎప్పట్నుంచిరా ఆకాశరామన్నవయ్యావు?" అని మొదలెట్టి రెండు పేజీల జోకులు రాసి పోస్టులో పడేశాను.

ఆదివారం ఎర్ర పూలగుత్తితో, జేబులో చమత్కారాల ఉపన్యాసంతో హాల్లో అడుగుపెట్టాను. చదివి నవ్విద్దామని ఆ ఉత్తరమూ తెచ్చాను. వేదిక మీద వాడు లేడు. వాడి ఫోటో ఉంది. కింద పుట్టిన సంవత్సరం, చిన్న గీత, ఈ సంవత్సరం.

"సంతాప సభకి ఎర్ర పూలేంటి బాబాయ్?" అంది కూతురు. గొంతులో కోపం కూడా మిగల్లేదు. "నాన్న మిమ్మల్ని రమ్మని రాశారుగా. నేనే పోస్టు చేశాను. గేటు చప్పుడైతే చాలు, వాడేనేమో చూడు అనేవారు. చివరికి మీ జోకులొచ్చాయి. చదివించుకుని నవ్వారు. మళ్లీ గేటు వైపు చూళ్లేదు."

"వాడు రమ్మనలేదమ్మా..."

"వెనక రాశారు."

జేబులోంచి తీసి తిప్పాను. అక్షరాలు వంకరపోయి ఉన్నాయి.

"కాగితాలు అల్మరాలో ఉన్నాయి. లేవలేక ఇటే రాస్తున్నాను. ఇక రోజులే మిగిలాయని డాక్టరు చెప్పాడు. ఒకసారి రారా. నవ్వించక్కర్లేదు, ఊరికే కూర్చో." దాని కింద సంతకం.

మైకు ముందుకు పిలిచారు. ఉపన్యాసం బయటికి తియ్యలేదు. "సంతాపం నాకు సన్మానంగా వినిపించింది. అది చెవి తప్పు, వదిలెయ్యండి" అన్నాను. ఒకవైపే రాసే మా అలవాటు చెప్పాను. కాగితం ఎత్తి రెండు వైపులా అందరికీ చూపించాను. "ఇది మాత్రం నా తప్పు. తిప్పలేదు."

కూతురు వచ్చి ఆ కాగితం అందుకుంది. ముందువైపు చాలాసేపు చదివింది.

"మూడో పేజీ కొట్టేశారా బాబాయ్?"

"లేదమ్మా. అచ్చయిపోయింది."