పూజలందుకున్న పాత సర్వర్

దసరా సెలవు అయ్యాక ఆఫీసు తెరిస్తే ఒక్క కంప్యూటర్‌లోనూ ఇంటర్నెట్ రాలేదు. తిరుమలగిరిలో సత్యదేవ్ గారి లారీల కంపెనీ అది. ఆన్‌లైన్‌లో బిల్లు తీయందే సరుకు గేటు దాటదు. లోపల లారీలు బారులు తీరాయి. డ్రైవర్లు కిటికీ దగ్గర మూగి, కంప్యూటర్లు చూసే దయాకర్‌ని కళ్ళతోనే నమిలేస్తున్నారు.

"సాయంత్రంలోగా రాకపోతే రేపట్నుంచి బేగంపేట కంప్యూటర్ల వాళ్ళని పెట్టుకుంటానయ్యా. నువ్వు ఇంట్లో కూర్చుని సీరియళ్ళు చూసుకో," అన్నాడు సత్యదేవ్.

"లైన్‌కేం కాలె సార్. ఆఫీసు వైఫై మీద ఫోన్లల్ల మంచిగనే వస్తుంది."

"అయితే బిల్లులు ఫోన్లో కొట్టించమంటావా?"

దయాకర్ పళ్ళు నూరుకుని, బిల్లులు తీసే సుకన్య సీట్లో కూలబడ్డాడు. ఈ ఆఫీసు కంప్యూటర్లకో గుణం ఉంది. తెరవగానే "బయటికి దారెటు?" అని నెట్‌వర్క్‌లో కేకేస్తాయి. "నాకు తెలుసు" అని ఎవరు పలికితే వాళ్ళ వెనకే పోతాయి. నువ్వెవరివని మాత్రం అడగవు.

ఇవాళ పలికిందెవరా అని చూస్తే, కిందటేడు తన చేత్తో ఆపేసిన పాత సర్వర్ నంబరు కనిపించింది.

"ఏమైందన్నా?" అంది సుకన్య.

"సచ్చినోడు లేచి మాట్లాడుతుండు చెల్లే!"

విసురుగా స్టోర్ రూముకు పోతే, ఆఫీసు ఊడ్చే దేవమ్మ తాళం తీసి గుమ్మానికి అడ్డం నిలబడింది. "చెప్పులిడిసి పో బిడ్డా."

లోపల పాత సర్వర్ పసుపు కుంకుమలతో, బంతిపూల దండతో పెళ్ళికొడుకులా కూర్చుని గుయ్యిమంటోంది.

"దీన్నెవరు ఆన్ చేసిన్రు?"

"సారే చెయ్యమన్నడు. ఆయన కొన్న మొదటి మిషినంట. ఆగిన మిషినుకు పూజ చేస్తే వ్యాపారం సుత ఆగుతదంట. పండుగనాడు నేనే స్విచ్చేసిన."

"దీనికి బయటికి పోయే లైను పీకేసి ఏడాదాయె! దారి నాకెరికే అని అందర్ని పిలుస్తుంది, వచ్చినోళ్ళను ఈ మూలకు కూసోబెడుతుంది!"

స్విచ్చు మీద చెయ్యి వేశాడో లేదో, వెనక నుంచి సత్యదేవ్ కేక.

"చెయ్యి తియ్యి! ఉద్వాసన చెప్పకుండా ఆపేస్తావా? రేపు పంతులుగారు వచ్చేదాకా అది తిరగాల్సిందే."

"ఇది తిరిగితే లారీలు తిరగయి సార్!"

"లారీలు తిరగాలనే కదయ్యా పూజ చేసింది!"

దయాకర్ గోడకేసి తల బాదుకుందామనుకున్నాడు. గోడకేసి చూస్తే, సర్వర్ వెనక నుంచి ఆఫీసులోకి పోతున్న నీలం వైరు కనపడింది. కిందటేడు బయటి లైను పీకి, స్విచ్ ఆపి చేతులు దులుపుకున్నాడే గానీ, లోపలికి పోయే ఈ వైరు పీకలేదు. తిట్టుకోవలసింది తనని తానే.

"స్విచ్చు ముట్ట సార్. జెర జరుగుండ్రి."

వంగి వైరు లాగేశాడు. సర్వర్ గుయ్యిమంటూనే ఉంది, దండా కదల్లేదు. ఇక దాని మాట ఎవరికీ వినపడదు.

"సుకన్యా, బందు చేసి మళ్ళ తెరువు!"

కాసేపటికి ఆఫీసులోంచి సుకన్య అరిచింది. "వచ్చిందన్నా! బిల్లొచ్చింది!"

బయట లారీ ఇంజన్ ఒకటి రొప్పింది. సత్యదేవ్ చెంపలు వేసుకుని సర్వర్‌కి దణ్ణం పెట్టాడు.

"చూశావా? పూజ ఊరికే పోతుందా! బేగంపేట వాళ్ళెందుకులే, నువ్వే ఉండు. ఉద్వాసన కూడా వద్దు, ఇక రోజూ తిరగనీ. పొద్దున్నే వచ్చి అగరొత్తి మాత్రం నువ్వే వెలిగించాలి."

దయాకర్ కిందికి వంగాడు. మళ్ళీ ఎవరూ తగిలించకుండా నీలం వైరు చుట్టి సంచిలో వేసుకున్నాడు.

దేవమ్మ అగ్గిపెట్టె అతని చేతిలో పెట్టింది. "రేపు సుత చెప్పులిడిసే రా బిడ్డా."